చేత్తో నడిపితే నడుస్తది

“అన్నా, నేను చేత్తో నడిపితే మంచిగనే నడుస్తది. షెడ్యూల్‌ల పెడితే నడుస్తలేదు.”

మంచిర్యాలలో కంప్యూటర్లు, సర్వర్లు చూసుకునే తమ్ముళ్ల నోట ఈ మాట వింటూనే ఉంటాను. ఐబీ చౌరస్తా దగ్గరి బిల్లింగ్ దుకాణం కావచ్చు, శ్రీరాంపూర్ వైపు పొదుపు సంఘం కావచ్చు, ఇంట్లో కూర్చొని హైదరాబాద్ కంపెనీకి రాత్రి డ్యూటీ చేసే చెల్లెలు కావచ్చు, మాట మాత్రం మారదు. అందులో విసుగుంటుంది, కాస్త చిన్నతనం ఉంటుంది, మిషన్ మీద అనుమానం ఉంటుంది. నాకు మాత్రం అది వినగానే పులకరింత. ఎందుకంటే ఆ మాటలో రెండు సగాలూ నిజమే. మిషన్ చేయాల్సిన పనులను వరుసగా రాసిపెట్టిన స్క్రిప్ట్ అదే, మిషన్ అదే, ఒక్క అక్షరం మారలేదు. పొద్దున పదకొండింటికి మనిషి నడిపితే పని పూర్తయింది. రాత్రి రెండింటికి మిషన్ తనంతట తాను నడిపితే కూలబడింది. రాతలో తప్పుంటే పగలు కూడా కూలబడాలి కదా!

తప్పు ఉన్నది, రాయకుండా వదిలేసిన దాంట్లో. రాయనిదాన్ని చదివి పట్టుకోవడమే ఇక్కడి విద్య. కావ్యాలకు రసవిమర్శ ఉంది, కచేరీలకు ఉంది, నిర్మల్ బొమ్మల రంగుల మీద కూడా పేజీలకు పేజీలు వచ్చాయి. రాత్రిపూట చెడిపోయే పనిని బాగుచేయడం మాత్రం మెకానిక్ ఖాతాలోనే మిగిలిపోయింది. ఇది అన్యాయమని నా అభిప్రాయం. పదకొండో శతాబ్దపు కాశ్మీరీ ఆలంకారికుడు క్షేమేంద్రుడు ఔచిత్యం మీద ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాసి, అందులో దేశౌచిత్యాన్నీ కాలౌచిత్యాన్నీ విడివిడిగా చర్చించాడు. షెడ్యూల్‌లో పడిపోయే స్క్రిప్టుల జబ్బులన్నీ ఇంచుమించు ఆ రెండు పద్దుల కిందికే వస్తాయి. పదం మంచిదే, చోటు కుదరలేదు. మాట సరైనదే, వేళ కుదరలేదు.

ముందు ఆ పని ఎత్తుగడను చూద్దాం. లైనక్స్ మిషన్లలో రాత్రి పనులు నడిపేది క్రాన్. 1979లో బెల్ ల్యాబ్స్ నుంచి వచ్చిన యూనిక్స్ ఏడో వెర్షన్‌లోనే ఇది ఉంది. ఇవాళ మనం వాడే చాలా రకాల క్రాన్‌లకు మూలమైన రూపాన్ని 1987లో పాల్ విక్సీ విడుదల చేశాడు. ఒక పనికి ఒక్క వరుస. నిమిషం, గంట, తేదీ, నెల, వారం అని ఐదు గడులు, వాటి తర్వాత చేయాల్సిన పని. ఏ గడిలోనైనా నక్షత్రం పెడితే ఆ గడి వరకు ఎప్పుడైనా సరే అని అర్థం. ఇంతకన్నా పొదుపుగా కాలాన్ని రాసిన లిపి నాకు ఇంకోటి కనబడలేదు. నెలలో ఒకటో తేదీ తెల్లవారుజామున నాలుగు గంటల పది నిమిషాలకు అని చెప్పడానికి మూడు అంకెలు, రెండు నక్షత్రాలు చాలు.

పొదుపు ఎక్కువైన చోట పేచీ కూడా ఉంటుంది. తేదీ గడి, వారం గడి రెండూ నింపితే క్రాన్ వాటిని కలిపి చూడదు, ఏ ఒక్కటి కుదిరినా పని నడిపేస్తుంది. కలెక్టరేట్‌లో సోమవారం జనం అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంటుంది కాబట్టి నెల మొదటి సోమవారం నాడు ఒక జాబితా తయారు కావాలనుకున్నాడు ఒకతను. తేదీ గడిలో ఒకటి నుంచి ఏడు అని, వారం గడిలో సోమవారం అని రాశాడు. చదివితే ఎంత ముచ్చటగా ఉంది! నడిచింది మాత్రం మొదటి ఏడు రోజులూ, ఆ తర్వాత వచ్చే ప్రతి సోమవారమూ. శాతం గుర్తుది మరీ చిత్రమైన కథ. క్రాన్ వరుసలో శాతం గుర్తు కనబడితే అక్కడ వరుస తెగిపోయిందని లెక్క. ఈ నియమం ఆ ఏడో వెర్షన్ యూనిక్స్ నాటిది. ఫైలు పేరులో ఇవాళ్టి తేదీ పెట్టడానికి డేట్ కమాండ్‌కు శాతం గుర్తులే కావాలి. పగలు టెర్మినల్‌లో అదే వరుస నిక్షేపంగా నడుస్తుంది. క్రాన్‌లో పెట్టగానే సగంలో తెగి, బ్రాకెట్ మూయలేదని సణుగుతుంది. ప్రతి శాతం గుర్తుకు ముందు ఒక వెనక్కి వాలిన గీత పెడితే జబ్బు పోతుంది. నలభై ఏళ్లు దాటిన నియమం ఇవాళ పొద్దున రాసిన స్క్రిప్ట్ మెడ పట్టుకోవడంలో ఒక పాతకాలపు దర్జా ఉంది. నాకది నచ్చుతుంది.

ఇక దేశం, అంటే చోటు సంగతి. బొగ్గుబాయి ఊళ్లవాళ్లకు దీన్ని చెప్పడం తేలిక. భూగర్భ గనిలోకి దిగే కార్మికుడిని పైనే తనిఖీ చేస్తారు. బీడీలు, అగ్గిపెట్టె లోపలికి పోవు. ల్యాంప్ రూమ్‌లో ఇచ్చిన దీపం, నెత్తిమీద టోపీ, కాళ్లకు బూట్లు, వాటితోనే దిగాలి. క్రాన్ కూడా స్క్రిప్ట్ జేబులన్నీ దులిపి కిందికి దింపుతుంది. మన బాధ ఏమిటంటే, పగలు ఆ జేబుల్లో ఏమేమున్నాయో మనకే తెలియదు. లాగిన్ కాగానే మిషన్ మనకోసం ఒక ఫైలు చదివి, ఏ ప్రోగ్రామ్ ఎక్కడుందో చెప్పే దారుల చిట్టాను సిద్ధం చేసిపెడుతుంది. దాని పేరు పాత్. అవతలి సర్వర్‌కు పోవడానికి కావాల్సిన తాళంచెవిని ఏజెంట్ అనే ప్రోగ్రామ్ గుర్తుపెట్టుకుని ఉంటుంది. మనం ఏ ఫోల్డర్‌లో నిలబడి ఉన్నామో అదే లోకమని స్క్రిప్ట్ నమ్ముతుంది. తెలుగు అక్షరాలు ఎలా రాయాలో చెప్పే అమరిక కూడా ఎక్కడో వెనకాల ఉంటుంది. ఇవేవీ స్క్రిప్ట్‌లో రాసి ఉండవు. రాత్రి క్రాన్ చేతికి వచ్చేసరికి దారుల చిట్టాలో మామూలుగా మిగిలేవి రెండే రెండు ఫోల్డర్లు. మనం విడిగా తెచ్చి పెట్టుకున్న ప్రోగ్రామ్ మూడో ఫోల్డర్‌లో ఉంటుంది. కమాండ్ దొరకలేదు, 127 అని ఒక అంకె వదిలి స్క్రిప్ట్ వెళ్లిపోతుంది.

127 చాలా నిజాయితీ గల అంకె. పని చెడిందని అనదు, చేసేవాడు కనబడలేదని అంటుంది. 126 అయితే మనిషి ఉన్నాడు గానీ పని చేసే అనుమతి లేదని. ఈ రెండింటి మధ్య తేడా తెలిసినవాడు సగం దారి నడిచినట్టే.

ఇప్పుడు నేను ఈ విద్య మొత్తంలో శిఖరమనుకునే వరుస దగ్గరికి వస్తాను. ఐదు నక్షత్రాలు. వాటి పక్కన ఎన్వ్ అనే మూడక్షరాల ఇంగ్లిష్ కమాండ్. ఆ పక్కన కుడివైపు బాణం గుర్తు, ఒక ఫైలు పేరు. అంతే. ప్రతి నిమిషం నిద్రలేచి, నీ దగ్గర ఏమేమున్నాయో ఒక్కొక్కటీ ఈ కాగితం మీద రాసిపెట్టు అని దాని భావం. దీనిలో స్క్రిప్ట్‌ను తిట్టడం లేదు, క్రాన్‌ను అనుమానించడం లేదు, అక్కడా ఇక్కడా మార్చి చూద్దామనే తొందర లేదు. ఒక్క ప్రశ్న వేసి కూర్చోవడం ఉంది. వరుస పెట్టాక గడియారంలో నిమిషం మారేదాకా ఆగాలి. తెలిసినవాడికి, తెలియనివాడికి తేడా కనబడేది అప్పుడే. తెలియనివాడు ఈలోపు స్క్రిప్ట్‌లో ఇంకో రెండు మార్పులు చేసి, ఏ మార్పు వల్ల ఏమైందో తేలకుండా పోతాడు. తెలిసినవాడు చేతులు కట్టుకుని ఉంటాడు.

ఫైలు పుడుతుంది. దాన్ని తెరిచి, పక్కనే మన టెర్మినల్‌లో అదే ఎన్వ్ కమాండ్ నడిపితే వచ్చిన చిట్టాను పెట్టాలి. మనది పొడుగ్గా సాగుతుంది. ఫోల్డర్ ఏ రంగులో కనబడాలి, జిప్ ఫైలు ఏ రంగులో కనబడాలి అని చెప్పే వరుస ఒక్కటే అరపేజీ ఉంటుంది. ఏ తెర, ఏ ఎడిటర్, ఎక్కడి నుంచి లాగిన్ అయ్యాం, ఇంతకుముందు ఏ ఫోల్డర్‌లో ఉన్నాం, అన్నీ అందులో ఉంటాయి. అదొక సంసారం. క్రాన్ చిట్టా చూస్తే ఐదారు వరుసలు. ఇల్లు ఎక్కడ, పేరేమిటి, షెల్ ఏది, దారులేవి. సన్యాసి మూటలో కూడా ఇంకాస్త ఎక్కువే ఉంటుందేమో! రెంటినీ పక్కపక్కన చూసిన క్షణాన, రాత్రి కూలబడిన స్క్రిప్ట్ మీద కోపం పోయి జాలి పుడుతుంది. ఇంత తక్కువతో దాన్ని పంపి, అంత పని చేసుకురమ్మన్నామా అనిపిస్తుంది. భయానకంతో మొదలైన వ్యవహారం కరుణలోకి తిరిగే మలుపు ఇది.

ఈ మలుపు తర్వాత వచ్చే ఎత్తు ఇంకా సొగసైనది. అదే ఎన్వ్ కమాండ్‌కు ఐ అనే చిన్న అక్షరాన్ని తగిలిస్తే మన జేబులను కూడా ఖాళీ చేస్తుంది. ఇల్లు, షెల్, ఆ రెండు దారులు మాత్రమే చేతికిచ్చి, పట్టపగలు, మన కళ్లముందే స్క్రిప్ట్‌ను నడిపించవచ్చు. రాత్రి రెండింటిదాకా కాపలా కాయనక్కర్లేదు. రాత్రి పడ్డచోటే పగలూ పడుతుంది. అలా పడటం చూసి ఆనందపడే వృత్తి లోకంలో ఇదొక్కటే అనుకుంటా. “పడింది అన్నా, సేమ్ అట్లనే పడింది!” అని ఫోన్‌లో ఆ తమ్ముడి గొంతు ఎగిరిపడినప్పుడు, అసలు మరమ్మతు ఇంకా మొదలే కాలేదన్న సంగతి ఇద్దరికీ గుర్తుండదు.

మౌనం గురించి కూడా చెప్పాలి. క్రాన్ స్వభావతః మర్యాదస్థురాలు. స్క్రిప్ట్ ఏం మాట్లాడినా, ఏ ఎర్రర్ వచ్చినా, ఆ మాటలన్నీ మూటగట్టి యజమానికి మెయిల్ చేస్తుంది. కానీ ఇవాళ్టి సర్వర్లలో చాలావాటికి మెయిల్ పంపే ఏర్పాటే ఉండదు. అప్పుడు సిస్టమ్ లాగ్‌లో ఒక చిన్న వరుస పడుతుంది: మెయిల్ పంపే ప్రోగ్రామ్ లేదు, వచ్చిన మాటలను పారేస్తున్నాను అని. ఎర్రర్ ఏమిటో చెప్పదు. ఏదో చెప్పబోయారనీ, వినేవాళ్లు లేక పారేశాననీ మాత్రం చెబుతుంది. ఎన్ని నెలల ఎర్రర్లు అలా పోయాయో ఆ లాగ్‌లో వరుసలు లెక్కపెట్టుకోవాల్సిందే. ధ్వనిని వెతుక్కునే విమర్శకుడికి ఇంతకన్నా ఏం కావాలి?

దీనికి మందు కూడా చిన్నదే. మాటలు, ఎర్రర్లు రెండూ ఒకే ఫైలులో పడేలా వరుస చివర దారి మళ్లిస్తే సరి. అయితే ముందు ఫైలు పేరు రాసి, తర్వాత ఎర్రర్లు పోయే రెండో కాలువను మామూలు మాటలు పోయే మొదటిదానిలోకి కలపాలి. తారుమారు చేస్తే మామూలు మాటలు ఫైలులోకి పోతాయి, ఎర్రర్లు మాత్రం పాత దారినే పోయి మాయమవుతాయి. పదాలు అవే, క్రమం మారితే భావం తలకిందులు. తెలుగు వాక్యంలో ఏ పదాన్ని ఎటు జరిపినా నడిచిపోతుందని అలవాటుపడ్డవాళ్లు ఇక్కడ కాస్త నిదానించాలి.

తెలుగు మాట వచ్చింది కాబట్టి నాకు అన్నిటికన్నా ప్రీతిపాత్రమైన ఎర్రర్‌ను దగ్గరగా చూపిస్తాను. ఒక పైథాన్ స్క్రిప్ట్ జిల్లా పేరును తెర మీద అచ్చు వేస్తుంది: మంచిర్యాల. పగలు చక్కగా కనబడుతుంది. రాత్రి క్రాన్‌లో చచ్చిపోతుంది. లాగ్ తెరిస్తే, సున్నా నుంచి ఎనిమిది వరకు ఉన్న స్థానాల్లోని అక్షరాలను ఆస్కీలో రాయలేను, అవి 128 లోపలివి కావు అని ఉంటుంది. పలికేటప్పుడు మనకు మంచిర్యాల నాలుగక్షరాలు. మం, చి, ర్యా, ల. మిషన్ లెక్క వేరు. మ, సున్న, చ, గుడి, ర, పొల్లు, య, దీర్ఘం, ల. మొత్తం తొమ్మిది. సున్నా నుంచి లెక్కపెడితే ఎనిమిదో స్థానంలో ఆగుతుంది. అందుకే ఎర్రర్ అంత కచ్చితంగా ఎనిమిది అంటోంది. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్లు చొప్పున ఆ పేరుకు 27 బైట్లు. పగలు మన టెర్మినల్‌కు భాష అమరిక ఉంది, కాబట్టి ఈ 27 బైట్లు హాయిగా వెళ్లిపోయాయి. రాత్రి ఆ అమరిక జేబులోంచి తీసేశారు, కాబట్టి స్క్రిప్ట్‌కు ఇంగ్లిష్ అక్షరాల 128 గడుల పలక తప్ప ఏమీ లేదు. 2018లో వచ్చిన పైథాన్ 3.7 నుంచి ఈ బాధ చాలావరకు తగ్గింది. భాష చెప్పకపోతే అదే యూటీఎఫ్-8 వైపు మొగ్గుతుంది. అయినా పాత సర్వర్లు మన ఊళ్లో తక్కువేం కాదు. చచ్చిపోతూ కూడా ఊరి పేరును గుడి, పొల్లు, దీర్ఘాలతో సహా ఒలిచి లెక్క చెప్పిన ఆ ఎర్రర్‌ను చూస్తే, పిల్లలకు వర్ణక్రమం చెప్పిన పంతుళ్లు గుర్తొస్తారు.

ఇక కాలం. ఇది దేశం కన్నా కొంటెది, ఎందుకంటే ఇక్కడ చాలాసార్లు ఎర్రర్ రాదు. అద్దె సర్వర్ల గడియారం మామూలుగా యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుంది. మన సమయం దానికన్నా ఐదున్నర గంటలు ముందు. రాత్రి రెండింటికని పెట్టిన పని మనకు పొద్దున ఏడున్నరకు, దుకాణం షట్టర్ లేపే వేళకు మొదలై, బిల్లింగ్‌ను నత్తనడక నడిపిస్తుంది. దీన్ని కనిపెట్టడం తేలికే. కష్టమైనది తేదీ. మనకు పద్నాలుగో తేదీ రాత్రి ఒంటిగంట అంటే యూటీసీకి ఇంకా పదమూడో తేదీ సాయంత్రం ఏడున్నర. ఒంటిగంటకు నడిచే బ్యాకప్ తన ఫైలుకు పదమూడు అని పేరు పెట్టుకుంటుంది. అందులో ఉన్నది కూడా పదమూడో తేదీ వ్యాపారమే! అంటే గడియారం తప్పుగా ఉన్నందువల్ల పేరు ఒప్పు అయింది. ఒక మంచివాడు వచ్చి సర్వర్ గడియారాన్ని భారతీయ కాలమానానికి సరిచేస్తాడు, పనిని కూడా మళ్లీ ఒంటిగంటకే కుదురుస్తాడు. ఆ రాత్రి నుంచి పదమూడో తేదీ లెక్కలు పద్నాలుగు పేరుతో పడటం మొదలవుతుంది. దిద్దుబాటులోంచి పుట్టిన తప్పు ఇది. హాస్యరసం కావాలనుకునేవారు ఇక్కడ కాసేపు ఆగవచ్చు.

అసలు మన గడియారమే మన సూర్యుడిది కాదనుకోండి. 1906 నుంచి భారతీయ కాలమానానికి ఆధారం 82.5 డిగ్రీల రేఖాంశం. మంచిర్యాల దానికి మూడు డిగ్రీలు పడమర. సూర్యుడు ఇక్కడ నడినెత్తికి వచ్చేసరికి పన్నెండు నిమిషాల ఆలస్యం. ఇంత దూరం వచ్చాక యూటీసీ మీద కోపమెందుకు?

విండోస్ టాస్క్ షెడ్యూలర్ గురించి నాకు ఇంత పారవశ్యం లేదు. దానికి బొమ్మలెక్కువ, గడులెక్కువ, మాట తక్కువ. ఏం జరిగిందయ్యా అంటే సున్నా ఎక్స్ ఒకటి అంటుంది, అది ఏమైనా కావచ్చు. ఎక్కడ నిలబడి పని మొదలుపెట్టాలో చెప్పే స్టార్ట్ ఇన్ గడిని అందరూ ఖాళీగా వదిలేస్తారు, స్క్రిప్ట్ పోయి సిస్టమ్32 ఫోల్డర్‌లో నిలబడుతుంది. పగలు కనబడే జెడ్ డ్రైవ్ రాత్రి ఉండదు, ఎందుకంటే అది లాగిన్ అయిన మనిషికి కట్టిన డ్రైవ్. ల్యాప్‌టాప్‌లో పెట్టిన పని కరెంటు పోయినప్పుడు మొదలే కాదు, బ్యాటరీ మీద ఉంటే నడపొద్దని దానికి ముందే టిక్ పెట్టి ఉంటుంది. జైపూర్‌లో సింగరేణి 1,200 మెగావాట్లు, గోదావరి అవతల రామగుండంలో ఎన్టీపీసీ వేల మెగావాట్లు పుట్టిస్తుంటే, వాటి పక్కనే ఉన్న మన ఇంట్లో గాలివానకు కరెంటు పోయి నెలవారీ రిపోర్టు ఆగిపోవడం మన జిల్లాకే చెల్లిన అలంకారం.

అయినా విండోస్‌లో ఒక్క దృశ్యానికి మాత్రం నేను దాసోహం. ఎక్సెల్‌ను తెరిచి రిపోర్టు తయారుచేసే పనిని, మనిషి లాగిన్ కాకున్నా నడవాలని పెట్టారు. విస్టా కాలం నుంచి అలాంటి పనులు ఎవరి తెరకూ చెందని సెషన్‌లో నడుస్తాయి. అక్కడ ఎక్సెల్ ఒక డబ్బా తెరుస్తుంది: ఈ పేరుతో ఫైలు ఇదివరకే ఉంది, దాని మీద రాయమంటారా అని. అవును, కాదు అని బొత్తాలు. చూసేవాళ్లు లేరు, నొక్కేవాళ్లు లేరు. షెడ్యూలర్‌ను అడిగితే నడుస్తూనే ఉంది అంటుంది, అబద్ధం కాదు కూడా. గడువును మనం మార్చకపోతే మూడు రోజులు ఆగి, అప్పుడు చంపేస్తుంది. ప్రశ్న అడిగి మూడు రోజులు నిలబడ్డ ఆ మర్యాదను తలచుకుంటే విసుక్కోబుద్ధి కాదు.

రసాభాసలు కూడా ఉన్నాయి. పని నడవడం లేదని తెచ్చి సర్వాధికారాలున్న రూట్ ఖాతా కింద పెట్టేయడం, ఫైళ్లన్నిటికీ ఎవరైనా ఏమైనా చేసుకోగల 777 అనుమతులు ఇచ్చేయడం, మన లాగిన్ ఫైలు మొత్తాన్ని క్రాన్ నెత్తిన రుద్దడం. ఇవి పనిచేస్తాయి. పనిచేయడమే వాటిలో ఉన్న దోషం, ఎందుకంటే జబ్బేమిటో ఎప్పటికీ తెలియదు, ఆరునెలలకు ఇంకో రూపంలో లేస్తుంది. మంచి మరమ్మతు చూడటానికి చప్పగా ఉంటుంది. స్క్రిప్ట్ మొదట్లో నాలుగు వరుసలు పెరుగుతాయి. ఈ ఫోల్డర్‌లోకి వెళ్లు, దారులు ఇవి, భాష ఇది, కాలమానం ఇది. ప్రోగ్రామ్ పేరు ఉన్నచోట దాని పూర్తి చిరునామా వస్తుంది. రాసినవాడు పక్కన లేకపోయినా చదివేవాడికి ఇంకేమీ అడగాల్సిన పని ఉండదు. నేను చదివిన మంచి గద్యంలో ఈ గుణమే ఉంది, చెడ్డ గద్యంలో చాలావరకు ఇదే లోపం.

మీ దగ్గర రాత్రి నడిచే పని ఏదైనా ఉంటే, అది చెడేదాకా ఆగకండి. ఆ ఐదు నక్షత్రాల వరుసను ఇవాళే ఒక్కసారి పెట్టి, రెండు చిట్టాలనూ పక్కపక్కన చదవండి. ఫైలులో పాస్‌వర్డులు పడి ఉండవచ్చు, చదివాక చెరిపేయండి. వరుసను కూడా తీసేయండి, మరిచిపోతే అది రోజుకు 1,440 సార్లు నడుస్తూనే ఉంటుంది.